కాకటీల్ మచ్చిక: పంజరం ఊచల నుంచి భుజం దాకా

పక్షుల దుకాణంలో కాకటీల్‌ను, అంటే తలపై తురాయి ఉండే చిన్న విదేశీ చిలుకను, కొన్నవారికి దానితో పాటు రెండు సలహాలు ఉచితంగా వస్తాయి. రెక్కలు కత్తిరించేయండి, ఎగరలేక మీ దగ్గరే పడి ఉంటుంది అన్నది మొదటిది. ఒక పూట మేత మాన్పించండి, ఆకలేసి తానే చేతి దగ్గరకు వస్తుంది అన్నది రెండోది. రెండూ పనిచేస్తున్నట్టే కనిపిస్తాయి. ఎగరలేని పక్షి చేతి మీద కదలకుండా కూర్చుంటే, ఎంత బాగా మచ్చికైందో అని చూసేవారు మెచ్చుకుంటారు. కొన్ని నెలలకు పాత ఈకలు రాలి కొత్తవి వస్తాయి. అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. రెక్క ఆడిన మరుక్షణం అది ఎగిరి కర్టెన్ కడ్డీ ఎక్కుతుంది, మీరు గొంతు చించుకుని పిలిచినా దిగదు.

అందుకే ఇక్కడ మచ్చికకు ఒకటే కొలత పెట్టుకుందాం. వెళ్ళిపోగలిగిన పక్షి వెళ్ళకుండా మీ దగ్గర ఉండాలి. అలా జరగాలంటే ప్రతి మెట్టులోనూ దానికి ‘వద్దు’ అనే వీలు ఉండాలి, అది వద్దన్నప్పుడు మీరు వెనక్కి తగ్గాలి. మిగతాదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

ముందు ఏ పక్షో తేల్చుకోండి

మన పెరట్లో జామకాయలు కొరికే రామచిలుకను ఇంట్లో పెంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో పెట్టడం అన్నీ శిక్షార్హమే. తాతల కాలం నుంచి పెంచుతున్నాం, చిలుక జోస్యం వాళ్ళ దగ్గర ఉంటుంది కదా అన్న వాదనలు చెల్లవు. గూటి నుంచి జారిన పిల్ల దొరికితే అటవీ శాఖకు కబురు చేయాలి.

విదేశీ జాతుల సంగతి వేరు. సన్ కాన్యూర్, ఆఫ్రికన్ గ్రే వంటివి వన్యజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ జాబితాల్లో ఉన్నాయి కాబట్టి, 2024లో వచ్చిన నియమాల ప్రకారం వాటిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఆస్ట్రేలియాకు చెందిన కాకటీల్, మన ఊళ్ళలో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే బడ్జీ ఆ జాబితాల్లో లేవు. మొదటిసారి పెంచేవారికి నా ఓటు కాకటీల్‌కే. బరువు 80 నుంచి 100 గ్రాములు, గొంతు మరీ చెవులు చిల్లులు పడేది కాదు, మనుషులంటే సహజంగానే ఇష్టపడుతుంది. అన్నిటికీ మించి తలపై తురాయి ఉంది. దాని మనసులో ఏముందో ఆ తురాయి ఎప్పటికప్పుడు చెబుతుంటుంది, బడ్జీలో ఈ సౌకర్యం లేదు. సరిగ్గా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్ళు బతుకుతుంది. ఇప్పుడు పదో తరగతిలో ఉన్న పిల్లవాడు అడిగాడని కొంటే, వాడి పెళ్ళి నాటికి కూడా అది మీ ఇంట్లోనే ఉంటుంది. ఆలోచించుకోండి.

ఒక్క హెచ్చరిక. ఇంకా ఈకలు రాని పిల్లను చేతిలో పెట్టి, సిరంజితో మీరే మేత పెడితేనే మచ్చికవుతుంది అని కొందరు అమ్మకందారులు నమ్మబలుకుతారు. నమ్మకండి. మేత కాస్త వేడెక్కువైతే పిల్ల గొంతు సంచి కాలుతుంది, దారి తప్పితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలవాటు లేని చేతుల్లో చచ్చిపోయే పిల్లలు ఎన్నో. సొంతంగా గింజలు ఒలుచుకుని తింటున్న, సుమారు పది వారాలు నిండిన పిల్లను తెచ్చుకోండి. వయసు వచ్చిన పక్షి అయినా పరవాలేదు, కాస్త ఎక్కువ కాలం పడుతుంది, అంతే.

ఇల్లు సర్దుకోవడం

పక్షి రాకముందే చేయాల్సిన పనులివి. పంజరం కనీసం రెండడుగుల పొడవు, అడుగున్నర లోతు, రెండడుగుల ఎత్తు ఉండాలి, ఊచల మధ్య అర అంగుళానికి కాస్త అటూ ఇటూ సందు ఉండాలి. గుండ్రటి పంజరాలు చూడటానికి ముచ్చటగానే ఉంటాయి కానీ పక్షికి నక్కడానికి ఒక మూలంటూ ఉండదు. పంజరంతో వచ్చే నున్నటి ప్లాస్టిక్ కర్రలు తీసేసి, మందులు కొట్టని జామ కొమ్మో వేప కొమ్మో కడిగి ఎండబెట్టి కట్టండి. లావు సన్నం కలిసిన కొమ్మ అయితే పాదాలకు మంచిది. పంజరం ఒక వైపు గోడకు ఆనుకుని, మీ ఛాతీ ఎత్తున, నలుగురూ కూర్చునే గదిలో ఉండాలి. బాల్కనీలో పెడితే కాకులూ గద్దలూ రోజంతా దాని గుండెలు అదరగొడతాయి.

వంటింట్లో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. దోసెల పెనం, మూకుడు నాన్‌స్టిక్‌వి అయితే, అవి అతిగా వేడెక్కినప్పుడు వచ్చే ఆవిరి మనకు వాసన కూడా తెలియకముందే పక్షి ప్రాణం తీయగలదు. కాకటీల్‌ను తెచ్చుకునే ఇంట్లో ఇనుప పెనానికి మారిపోవడమే మేలు. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల చుట్టలు, బొద్దింకల మందు పక్షి ఉన్న గదిలో వాడకూడదు. ఈ పక్షి ఒంటి నుంచి సన్నటి తెల్లటి పొడి కూడా రాలుతుంటుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే తెచ్చాక బాధపడే కన్నా ముందే మరో ఆలోచన చేయడం నయం.

ఇక సీలింగ్ ఫ్యాను. మన ఇళ్ళలో పెంపుడు పక్షులకు దీన్ని మించిన శత్రువు లేదు. పక్షి బయట ఉన్నంతసేపూ ఫ్యాను స్విచ్చి మీద టేపు అంటించి ఉంచండి. అలవాటు కొద్దీ ఎవరో ఒకరు వచ్చి నొక్కుతారు, అది ఇంటికి వచ్చిన బంధువే అవుతారు.

మొదటి మెట్టు: ఏమీ చేయకపోవడం

కొత్త పక్షి ఇంటికి వచ్చిన రోజు అందరికీ చేతులు దురద పెడతాయి. చుట్టుపక్కల పిల్లలందరూ పంజరం చుట్టూ మూగుతారు. ఆ పక్షి కళ్ళతో చూస్తే ఇది ఎలా ఉంటుంది? వేటాడే జంతువు కాదది, వేటకు గురయ్యేది. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉన్నది దాదాపు చుట్టూరా కనిపెట్టి ఉండటానికే. తదేకంగా రెండు కళ్ళతో గుచ్చి చూసేది, పై నుంచి వాలేది ఏదైనా దాని లెక్కలో గద్దే.

అందుకని మొదటి రెండు మూడు రోజులు మేత, నీళ్ళు మార్చడం తప్ప పంజరంలో చెయ్యి పెట్టవద్దు. పంజరానికి కొంచెం దూరంలో పక్కకు తిరిగి కూర్చుని మీ పని మీరు చేసుకోండి. పేపరు చదవండి, కూర తరగండి, ఫోనులో తక్కువ గొంతుతో మాట్లాడండి. కిందికి వంగి కూర్చుంటే ఇంకా మంచిది. గుంపులో బతికే పక్షులు కలిసి తింటాయి. మీ టిఫిను పళ్ళెం తెచ్చుకుని దాని ఎదుట తినడం మీరు చేయగల మొదటి మంచి పరిచయం.

దూరం ఎంతో పక్షే చెబుతుంది. మీరు దగ్గరకు వస్తున్నప్పుడు అది తినడం ఆపి, ఈకలు ఒంటికి బిగించి, కర్ర మీద నిటారుగా సన్నబడిపోయిందా? అక్కడే ఆగండి, ఒక అడుగు వెనక్కి వేయండి. మళ్ళీ గింజలు కొరకడం మొదలుపెట్టిందంటే అది మీకు ఆమోదమైన దూరం. రోజుకు కాస్త కాస్త ఆ గీతను జరుపుతూ పోవాలి. కొన్ని పక్షులకు ఇది ఒక్క రోజులో అయిపోతుంది, చేతుల్లో నలిగి వచ్చిన వాటికి వారాలు పట్టవచ్చు.

రాత్రి పది పన్నెండు గంటల నిద్ర అవసరం. కాకటీల్‌కు చీకట్లో ఉలిక్కిపడి పంజరమంతా కొట్టుకునే గుణం ఉంది. గోడ మీద బల్లి కదిలినా, బయట బండి వెలుగు పడినా చాలు. గదిలో చిన్న బెడ్ లైటు వేసి ఉంచితే అది ఊచలను చూసుకోగలుగుతుంది, రెక్కలు విరగ్గొట్టుకోదు.

రెండో మెట్టు: తురాయి చదవడం

ఇక్కడ మాత్రం తొందరపడవద్దు. పక్షి చెప్పేది అర్థం కానివారు తర్వాతి మెట్లన్నిటిలోనూ తడబడతారు.

తురాయి నిట్టనిలువుగా లేచి, కళ్ళు గుండ్రంగా తెరుచుకుంటే ఉలిక్కిపడిందనో, ఏదో కొత్తది విన్నదనో అర్థం. తురాయి సగం వాలి, చివర మాత్రం కొంచెం పైకి వంగి ఉంటే నింపాదిగా ఉంది. తలకు అంటుకుపోయినట్టు పూర్తిగా పడుకోబెట్టి, ఒళ్ళు ముందుకు వంచి, నోరు తెరిచి బుసకొడుతోందా, ఇక అక్కడ మీకు పని లేదు. తర్వాతిది కరవడమే. ఈ బుసను చాలామంది లెక్కచేయరు. అంత చిన్న పక్షి బుసకొట్టడం నవ్వులాటగా అనిపించి వేలు ఇంకాస్త ముందుకు పెడతారు. దానితో అది ఒక పాఠం నేర్చుకుంటుంది: మర్యాదగా హెచ్చరిస్తే ఈ మనుషులకు వినబడదు, సూటిగా కొరికితేనే వింటారు. హెచ్చరించకుండా కరిచే పక్షులు చాలావరకు ఇలా తయారైనవే.

సుఖంగా ఉందనడానికి గుర్తులు ఇంకా ముచ్చటగా ఉంటాయి. మీ ఎదుట ఒంటి కాలి మీద నిలబడి రెండో కాలు పొట్ట ఈకల్లో దాచుకోవడం, ఈకలు సవరించుకోవడం, ఒళ్ళంతా ఒక్కసారి విదిలించి తోక ఆడించడం. సాయంత్రం కునుకు పట్టేముందు పై ముక్కును కింది ముక్కుకు రాస్తూ కరకరమని సన్నటి శబ్దం చేస్తుంది. కొత్తవారు కంగారు పడతారు కానీ అది హాయికి గుర్తు. మీ సమక్షంలో ఆ శబ్దం మొదటిసారి వినబడిందంటే సగం దారి నడిచేశారు.

ఒకటి జాగ్రత్తగా గమనించండి. పగలంతా ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరితో పాటు తోక పైకీ కిందికీ ఊగుతుంటే అది మచ్చిక కాదు, జబ్బు. పక్షులు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. వంటింటి డిజిటల్ త్రాసు మీద వారానికి రెండుసార్లు, ఉదయం మేతకు ముందు బరువు చూసి రాసుకోండి. పది శాతం తగ్గితే పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యుడి దగ్గరకు అదే రోజు వెళ్ళాలి. మందకొడిగా ఉన్న పక్షిని ‘అబ్బ, ఎంత బుద్ధిమంతురాలు’ అని ఒళ్ళో పెట్టుకుని మురిసిపోయేవారున్నారు.

మూడో మెట్టు: తాయిలం

విదేశీ పక్షుల దుకాణాల్లో మిల్లెట్ స్ప్రే అని ప్యాకెట్లలో అమ్మేది మరేమీ కాదు, మన కొర్ర కంకి. రాయలసీమలోనో పాలమూరు వైపో మీకు రైతులు తెలిసినవారుంటే కోత సమయంలో ఒక సంచెడు కంకులు తెప్పించుకుని నీడన ఆరబెట్టుకోండి, ఏడాదంతా వస్తాయి. మచ్చిక పనికి దీన్ని మించిన వస్తువు లేదు. కారణం దాని పొడవు. ఒక జానెడు కంకి ఒక చివర పట్టుకుంటే మీ వేళ్ళకూ పక్షి ముక్కుకూ మధ్య జానెడు దూరం ఉంటుంది. తింటూ తింటూ ఆ దూరాన్ని తగ్గించుకునేది అదే.

రోజూ ఒకే వేళకు, ఉదయం గిన్నె నింపడానికి ముందు, కంకిని ఊచల సందులోంచి లోపలికి అందించి కదలకుండా పట్టుకోండి. రాకపోతే చెయ్యి నొప్పి పుట్టేదాకా నిలబడవద్దు. కంకి అక్కడే గుచ్చి వెళ్ళిపోండి. రేపు మళ్ళీ. మెడ సాగదీసి ఒక్క గింజ లాక్కుని పారిపోయినా ఆ రోజుకు పండగే. తర్వాత రోజుల్లో చిన్న ముక్క పట్టుకోండి, ఆపైన ఇంకా చిన్నది. ఊచల బయట ఇది సాఫీగా సాగాకే పంజరం తలుపు తెరిచి, లోపల చెయ్యి కాకుండా తలుపు దగ్గరే కంకి చూపించాలి.

మామూలు గిన్నెలో కొర్రలు, సజ్జలు, కొద్దిగా కుసుమ గింజలు, తోటకూర, మునగాకు, క్యారెట్ తురుము ఉండవచ్చు. పొద్దుతిరుగుడు గింజలను మాత్రం గిన్నెలోంచి తీసేసి మీ జేబులో పెట్టుకోండి. అవి ఇక మీ చేతి నుంచి మాత్రమే దొరకాలి. ఆకలితో మాడ్చడానికీ దీనికీ చాలా తేడా ఉంది. కడుపు నిండటానికి మీ దయ అక్కర్లేదు, నోరూరించేదానికే మీ దగ్గరకు రావాలి. వంద గ్రాముల ప్రాణి పూటలకు పూటలు పస్తుంటే మచ్చిక మాట దేవుడెరుగు, ప్రాణమే మిగలదు. అవకాడో, చాక్లెట్, కాఫీ, ఉల్లి, ఉప్పు కారం పట్టించిన చిరుతిళ్ళు విషంతో సమానం. కారప్పూస ముక్క ఆశగా చూసినా సరే, పెట్టవద్దు.

నాలుగో మెట్టు: పుల్ల ఆట

చెయ్యంటే ఇంకా జంకుతున్న పక్షికి ముందు ఒక పుల్ల పరిచయం చేయండి. చాప్‌స్టిక్ అయితే సరిగ్గా సరిపోతుంది. ఊచల అవతల నుంచి పుల్ల కొనను దాని ముక్కుకు కాస్త దూరంలో చూపండి. కుతూహలంతో ముక్కు తాకించిన ఆ క్షణంలోనే నాలుకతో ‘టక్’ మని శబ్దం చేసి, వెంటనే ఒక గింజ ఇవ్వండి. ఆ శబ్దం ఎప్పుడూ ఒకేలా ఉండాలి, దాని వెనకే గింజ తప్పకుండా రావాలి. నాలుగు సార్లకల్లా అది మిమ్మల్ని పరిశీలించడం మొదలుపెడుతుంది: ఏం చేస్తే వీళ్ళు టక్‌మంటున్నారు?

తర్వాత పుల్లను ఒక అంగుళం పక్కకు పెట్టండి, అది ఒక అడుగు వేయాలి. ఆపైన కర్ర చివరిదాకా, పక్క కర్ర మీదికి, తలుపు దాకా. ఒక్కో దఫా ఐదు నిమిషాలు మించకూడదు, రోజుకు రెండు దఫాలు చాలు. అది ఇంకా ఆడాలనుకుంటున్నప్పుడే మీరు ఆపాలి. పుల్లను చూసే బెదిరితే పంజరం పక్కన బల్ల మీద రెండు రోజులు పడి ఉండనివ్వండి. దానితో ఊచల మీద తట్టడం, పక్షిని తోయడం ఒక్కసారి చేసినా ఆట ముగిసినట్టే.

దీనికింత ప్రాధాన్యం ఎందుకంటే, పక్షిని పట్టుకోకుండా ఒక చోటి నుంచి మరో చోటికి రప్పించే సాధనం మీ చేతికి వచ్చింది. రేపు అది అల్మరా ఎక్కినా, త్రాసు ఎక్కాలన్నా ఈ పుల్లే దిక్కు.

ఐదో మెట్టు: వేలు

పంజరం తలుపు దగ్గర మీ చూపుడు వేలును అడ్డంగా, పక్షి పాదాల కంటే కాస్త పైన, ఛాతీకి ముందు కొమ్మలా నిశ్చలంగా ఉంచండి. కింది నుంచి రావాలి చెయ్యి, పై నుంచి కాదు. పుల్ల కొననో కంకినో వేలికి అవతల చూపండి. పొట్ట మీద వేలితో నొక్కితే ఎక్కుతుందని చాలాచోట్ల చెబుతారు. నిజమే, పడిపోకుండా ఉండటానికి ఎక్కుతుంది. అది బలవంతమే కాబట్టి నేను దాని జోలికి వెళ్ళను.

ఇప్పుడు జరిగేది దగ్గరగా చూడండి. ముందు మెడ సాగుతుంది. ముక్కు తెరుచుకుని మీ వేలి మీద ఆనుతుంది, కొంచెం బిగుస్తుంది. పొడిగా, గరుకుగా ఉండే నాలుక చర్మానికి తగులుతుంది. సరిగ్గా ఇక్కడే వందలో తొంభై మంది ‘అమ్మో, కరుస్తోంది’ అని చెయ్యి లాగేస్తారు. అది కరవడం లేదు. చిలుకకు ముక్కు మూడో కాలు. ఎక్కబోయే కొమ్మ గట్టిదో పుచ్చిందో ముక్కుతో పట్టి చూసుకుంటుంది. మీరు వేలు లాగేస్తే ఆ కొమ్మ విరిగినట్టే, ఇక దాని మీద కాలు మోపదు. ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండండి. ఒక కాలు వస్తుంది. ముందు రెండు, వెనక రెండుగా ఉండే వేళ్ళు మీ వేలిని చుట్టుకుంటాయి, పాదం వెచ్చగా ఉంటుంది. మళ్ళీ వెనక్కి తీసేసుకోవచ్చు. తీసుకోనివ్వండి. ఒక్క కాలు పెట్టినా టక్, గింజ.

రెండు కాళ్ళూ పెట్టిన రోజున వీడియో తీయాలని గదంతా తిప్పాలని అనిపిస్తుంది. వద్దు. గింజ తినగానే తిరిగి కర్ర ముందు వేలు పెట్టి దిగనివ్వండి. ఎక్కడం తన చేతిలో ఉంది, దిగడమూ తన చేతిలోనే ఉంది అని దానికి తెలిస్తే, రేపు ఎక్కడానికి ఆలోచించదు. ఎక్కుతున్నప్పుడు ‘రా’ అన్న ఒక్క మాటే వాడండి, ఇంట్లో అందరూ అదే వాడాలి. ఒకరు ‘రా’, ఇంకొకరు ‘ఎక్కు బుజ్జీ’, మరొకరు ‘కమాన్’ అంటే పాపం అదేం చేస్తుంది?

నిజంగా కరిస్తే

భయంతో, పంజరం తనదన్న పట్టుతో, గూడు కట్టే వేళ ఒంట్లో పొంగే వేడితో, ఒక్కోసారి ఊరికే పరీక్షించడానికి కాకటీల్ కరుస్తుంది. రక్తం రావడం అరుదు, కానీ చురుక్కుమంటుంది. అప్పుడు కేకలు వేయకండి, చెయ్యి విదిలించకండి, ముక్కు మీద కొట్టకండి. కేకలు పెడితే కొన్ని పక్షులకు అదో తమాషా, మిగతావాటికి అదో భూకంపం. మొహంలో ఏ మార్పూ లేకుండా దగ్గర్లో ఉన్న కర్ర మీదికో కుర్చీ మీదికో దించి, ఒక నిమిషం అటు తిరిగి ఉండండి. ఆ తర్వాత ఆలోచించాల్సింది దాని శిక్ష గురించి కాదు, కరవడానికి ముందు తురాయి ఏం చెప్పిందో, మీరెందుకు చూడలేదో దాని గురించి. కరిచిన వెంటనే పంజరంలో పెట్టి తలుపు వేయడం అలవాటు చేస్తే రెండు నష్టాలు: పంజరం జైలవుతుంది, ఇంటికి వెళ్ళాలనిపించినప్పుడల్లా కరిస్తే చాలని దానికి తెలిసిపోతుంది.

ఆరో మెట్టు: బయటకు, మళ్ళీ లోపలికి

మొదటిసారి బయటకు వదిలే గది చిన్నదై ఉండాలి. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి కర్టెన్లు వేయండి (అద్దం దానికి కనబడదు, ఢీకొంటుంది), నిలువుటద్దం మీద దుప్పటి కప్పండి, నీళ్ళ బకెట్ల మీద మూతలు పెట్టండి. తలుపు తీసి పుల్లతో పిలవండి. రాకపోతే తలుపు అలాగే తెరిచి ఉంచి కూర్చోండి, తెరిచిన తలుపుకు అలవాటు పడటం కూడా పనే.

చాలామందికి బయటకు రప్పించడం కంటే లోపలికి పంపడం పెద్ద తలనొప్పి. సాయంత్రం గిన్నె నింపే వేళకు ముందు బయటకు తీయండి, అప్పుడు లోపల మేత ఎదురుచూస్తుంటుంది. వేలి మీద పంజరంలోకి తీసుకెళ్ళి, గింజ ఇచ్చి, కొన్నిసార్లు వెంటనే మళ్ళీ బయటకు తీసుకురండి. లోపలికి వెళ్ళిన ప్రతిసారీ ఆట ముగిసిపోతే ఏ పక్షైనా మొరాయిస్తుంది. కర్టెన్ కడ్డీ మీద చిక్కుకుంటే తువ్వాలు పట్టుకుని గదంతా తరమవద్దు. స్టూలు ఎక్కి, పొడుగాటి కర్రను వేలిలాగే దాని ఛాతీ ముందు పెట్టి ‘రా’ అనండి. నిజంగా ప్రమాదం ముంచుకొస్తే లైటు ఆపి చీకట్లో పల్చటి తువ్వాలుతో పట్టుకోవచ్చు, కానీ దాని ఖరీదు కొన్ని వారాల నమ్మకం అని తెలిసి చేయండి.

రెక్కలు కత్తిరించే విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. పసిపిల్లలు, ఎప్పుడూ తెరిచి ఉండే తలుపులున్న ఇంట్లో కొందరు వైద్యులే కొద్దిగా కత్తిరిస్తారు. నా వరకు, ఫ్యాను ఆపలేని ఇంట్లో పక్షిని పెట్టకపోవడం అంతకన్నా నయం.

తల గోకించుకోవడం

తాకనివ్వడం చివర వచ్చే విషయం, ముందు కాదు. మచ్చికైన పక్షి మీ ముందు తల వంచి మెడ ఈకలు విప్పుతుంది. అప్పుడు వేలి గోటితో చెంప మీది నారింజ రంగు మచ్చ వెనక, ఈకలు మొలిచే దిశకు ఎదురుగా మెల్లగా గోకండి. రెండు మూడు సెకన్లకు ఆపి చూడండి. మళ్ళీ తల ముందుకు తోస్తే ఇంకా కావాలన్న మాట. ఈకలు రాల్చే కాలంలో తల మీద పుట్టే కొత్త ఈకల ముళ్ళు తన ముక్కుకు అందవు కాబట్టి అప్పుడు మీ వేలు దానికి వరమే. అయితే అవి లేతగా ఉంటే నొప్పి, కీచుమంటే ఆపేయాలి. వీపు మీద, రెక్కల కింద, తోక దగ్గర నిమరవద్దు. అది జతగాళ్ళ సరసం కిందికి వస్తుంది, ఆడపక్షి అకారణంగా గుడ్లు పెట్టడం మొదలుపెట్టవచ్చు.

ఈల, మాట

కాకటీల్ మగపక్షి ఈలల్లో దిట్ట, మాటల్లో అంతంత మాత్రమే. ఆడది చాలావరకు మౌనమే. చిలక్కి చెప్పినట్టు చెప్పినా వినడం లేదు అని మనం మనుషులను అంటుంటాం కానీ, ఒకే మాట వందసార్లు వల్లించడం కన్నా మంచి పద్ధతి ఉంది. అమెరికా శాస్త్రవేత్త ఇరీన్ పెప్పర్‌బర్గ్ 1977లో ఒక దుకాణంలో కొని, 2007లో అది చనిపోయే దాకా పనిచేసిన ఆఫ్రికన్ గ్రే అలెక్స్‌కు రంగులు, ఆకారాల పేర్లు నేర్పింది ఇద్దరు మనుషుల సంభాషణ ద్వారా. ఒకరు వస్తువు చూపి అడుగుతారు, రెండోవారు సరిగ్గా చెప్పి దాన్ని అందుకుంటారు, పక్షి పోటీ పడుతుంది. ఇంట్లో ఇద్దరుంటే ఈ ఆట ఆడి చూడండి.

మీరు గది దాటగానే అది గట్టిగా పిలుస్తుంటే అల్లరి అనుకోకండి. గుంపు ఎక్కడుందని వాకబు చేస్తోంది. ఒక చిన్న ఈల నిర్ణయించుకుని వంటింట్లోంచి బదులివ్వండి. కొద్ది రోజుల్లో అరుపు మాని అదే ఈల వేస్తుంది. ‘నోరు మూయ్’ అని అరిచినా అది బదులే, కాకపోతే ఇక ఇంట్లో ఇద్దరూ అరుస్తుంటారు.

వెనకడుగు పడినప్పుడు

గోళ్ళు కత్తిరించినప్పుడు, వైద్యుడి దగ్గర మందు పోసినప్పుడు, దీపావళి టపాసుల తర్వాత, ఈకలు రాలే కాలంలో నిన్నటిదాకా భుజమెక్కిన పక్షి మళ్ళీ బుసకొట్టవచ్చు. అప్పుడు తాయిలం మెట్టు దగ్గరకు వెళ్ళి అక్కడి నుంచి తిరిగి రండి. రెండోసారి దారి తెలిసినదే కాబట్టి త్వరగా నడుస్తుంది. మందు పోసేది, గోళ్ళు కత్తిరించేది వీలైతే రోజూ మేత పెట్టే చెయ్యి కాకుండా చూసుకోండి. దీపావళికి పంజరాన్ని ఇంటి లోపలి గదిలోకి మార్చి, కిటికీలు మూసి, టీవీ కాస్త పెంచి, లైటు ఆర్పకుండా ఉంచండి.

సంక్రాంతికి ఊరు వెళ్ళేవారు ఒక నెల ముందే రెండు పనులు మొదలుపెట్టాలి. చిన్న ప్రయాణపు పంజరాన్ని తలుపు తీసి గదిలో ఉంచి, దానిలో కంకి వేలాడదీసి, పక్షి తనంతట తాను వెళ్ళి తిని వచ్చేలా అలవాటు చేయాలి. దాన్ని చూసుకోబోయే పక్కింటివారు ఆ నెల రోజుల్లో వీలైనన్ని సాయంత్రాలు వచ్చి, దూరంగా పక్కకు తిరిగి కూర్చోవడం దగ్గర నుంచి మొదలుపెట్టాలి. తాళం చెవితో పాటు వారికి పొద్దుతిరుగుడు గింజల డబ్బా, వైద్యుడి ఫోను నంబరు, మీరు రాసుకున్న బరువుల కాగితం ఇచ్చి వెళ్ళండి. ఫ్యాను స్విచ్చి మీది టేపు తీయవద్దని ఇంకోసారి చెప్పండి.